ఎడమ భుజం, అంగుళంపావు దిగువ

కుట్టుగది,
అక్టోబరు 6, ఆదివారం

చెల్లీ,

పుస్తకం పంపి, వెంట నాలుగు ముక్కలు రాయలేదని అలిగావట. తమ్ముడు చెప్పాడు. ఫోనెందుకు చెయ్యలేదంటావు. నా కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి కుట్టుమిషన్లకే సరిపోతోంది. ఫోన్లో నీ మాటలు సగం వినపడతాయి, మిగతా సగం నేను కల్పించుకుంటాను. ఉత్తరమే మేలు. తమ్ముడి వ్యాను వారానికి రెండుసార్లు అటు వస్తూనే ఉంది. నీ స్టూడియోలో ఎలాగూ ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకుంటారాయె.

రాయడానికి ఏముంది? పుస్తకం పంపిన పొద్దుటి సంగతి రాస్తాను.

గురువారం. అయిదింటికి లేచాను. ప్రార్థన చేసుకున్నాను. షట్టరు సగం ఎత్తి గుమ్మం తుడిచాను. మీ బావ ఇస్త్రీ పెట్టె ప్లగ్గులో పెట్టి, కళ్ళజోడు కోసం అరగంట వెతికారు. అది నెత్తి మీదే ఉంది. "చూస్తూ చెప్పవేం?" అని విసుక్కున్నారు. "మీరు వెతికేది అదేనని నాకేం తెలుసు?" అన్నాను. బడి పంతులమ్మ కోటుకి కాలరు తిరగేశాను. సుద్దముక్క విరిగింది. ఎనిమిదింటికి కాజాలమ్మాయి రేకు డబ్బా పట్టుకుని వచ్చి తన చోట కూర్చుంది. కాజాలు, గుండీలు కుట్టడానికి మనిషిని పెట్టుకున్నానని చెప్పానే, ఆ అమ్మాయే. వీధికి వీపు పెట్టి కూర్చుంటుంది. ఎదురు వెలుతురు కళ్ళకి పడదంటుంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, పని మాత్రం అరవై ఏళ్ళ చేతి పని.

తమ్ముడు బయట హారన్ కొట్టాడు. పై అరలోంచి గోధుమరంగు అట్ట పుస్తకం దించాను. తుడిచాను. లైనింగు ముక్కలో చుట్టి ఇచ్చాను. అంతే.

ఆ పుస్తకం ఎవరికీ ఇచ్చేది కాదని నీకు తెలుసు. అందులో పేర్లు లేవు కాబట్టి ఇచ్చాను. అమ్మ నేర్పిన పద్ధతే: కొలత రాయి, పక్కన మనిషి అలవాటు రాయి, పేరు మాత్రం రాయకు. పేరుకి బట్ట కుట్టం, అలవాటుకి కుడతాం అనేది. నీ కంప్యూటరు బట్టలకి అవి ఎలా పనికొస్తాయో నాకు అర్థం కాలేదు. పనికొస్తే సంతోషం.

వేళకి తిను.

అక్క

*

స్టూడియో, రెండో అంతస్తు, భోజనాల వేళ
డిసెంబరు 3

అక్కా,

రెండు నెలలు రాయలేదని తిట్టుకున్నావా? తిట్టుకోవు. ప్రార్థనలో నా పేరు ఇంకోసారి కలిపి ఉంటావు. అదే నాకు ఎక్కువ సిగ్గు.

నీకు అర్థమయ్యేట్టు చెప్తాను, విను. నేను చేసేది గుడ్డ లేకుండా బట్టలు కుట్టడం. కోత నీలాగే కోస్తాను, కాకపోతే తెర మీద. తర్వాత ఆ బట్ట మీద వెలుతురు ఎలా పడుతుంది, మడత ఎక్కడ నల్లబడుతుంది, పోగు ఎక్కడ మెరుస్తుంది, ఇవన్నీ లెక్క కట్టి బొమ్మగా గీసే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దాన్ని రెండరర్ అంటారు. పాతది నత్తకి మేనత్త. సాయంత్రం పని అప్పగించి ఇంటికెళ్తే పొద్దున్నకి ఒక్క బొమ్మ వచ్చేది. ఇప్పుడు కొత్తది వచ్చింది, గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుంది. కొనాలా వద్దా తేల్చడానికి మాకు వాడి చూడమని ఇచ్చారు. నువ్వు సూదిలో దారం ఎక్కించే లోపు బొమ్మ రెడీ! ఉన్ని కోటు అంచున లేచిన నూగు కూడా కనిపిస్తుంది. పల్చటి నూలులోంచి వెలుతురు అవతలికి పోతుంది. ఆ కార్డు వేడికి మా గదిలో బావ ఇస్త్రీ బల్ల పక్కన కూర్చున్నట్టే ఉంది.

అయినా మొదటి వారం మా బాసు ఆవులించాడు. "బట్ట బాగుందమ్మా, లోపల మనిషేదీ?" అన్నాడు. నిజమే. మా బొమ్మల ఒళ్ళన్నీ గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. తిన్నని ఒంటి మీద ఎంత మంచి బట్టయినా రేకులాగే ఉంటుంది. అప్పుడు నీ పుస్తకం తీశాను. అరవై ఒకటో పేజీ. నీ అక్షరాలే మళ్ళీ రాస్తున్నాను:

"ఎడమ భుజం అంగుళంపావు దిగువ. కుడి స్లీవు మణికట్టు మీదికి లాక్కుంటుంది, నిమిషానికోసారి. కూర్చునే ముందు తలుపు ఎక్కడుందో చూస్తుంది. స్లీవు ముప్పావు అంగుళం పొడుగు పెట్టాలి."

ఆ భుజానికి నువ్వు లోపల వేసే మెత్త, ఆ పొడుగు స్లీవు, అన్నీ నీ లెక్క ప్రకారమే పెట్టాను. తర్వాత ఆ కదలికలు ఇచ్చాను. అక్కా! తల పెట్టలేదు. కాలరు పైన ఏమీ లేదు. అయినా మనిషే. స్లీవు లాక్కుంది చూడు, ఆఫీసులో అందరూ పని ఆపి తెర దగ్గరికి వచ్చారు. నా ప్రతి పనికీ వంకపెట్టే లైటింగు ఆయన "చలేస్తోంది" అని కిటికీ మూశాడు.

కిందటి బుధవారం నుంచి కింద వీధివైపు అద్దాల గోడలో పెద్ద తెర మీద వేస్తున్నారు, నిలువెత్తు. నెట్‌లో కూడా పెట్టారు. జనం ఆగి చూస్తున్నారు. ఎవరక్కా ఆవిడ? ఒకసారి తీసుకొచ్చి చూపిద్దాం!

నీ చెల్లి

*

కుట్టుగది,
డిసెంబరు 6

చెల్లీ,

ఆ బొమ్మ తీసెయ్యి. ఈ ఉత్తరం చదివిన గంటలో తీసెయ్యి.

ఆవిడ ఎక్కడ ఉందో తెలియకూడని మనిషి ఒకడున్నాడు. మూడేళ్ళుగా వెతుకుతున్నాడు. దొరికితే బతకనివ్వడు. నేను ఊరికే పెద్ద మాటలు వాడనని నీకు తెలుసు. ఇంతకంటే కాగితం మీద పెట్టను.

ఎవరికీ ఏమీ చెప్పకు. తీసేశావని తమ్ముడి చేతే కబురు పంపు.

అక్క

*

నా గది,
డిసెంబరు 14

అక్కా,

కబురు పంపలేదని కంగారు పడి ఉంటావు. తీసేయించాలని చూస్తున్నాను. రోజూ చూస్తున్నాను.

బాసుని అడిగితే నవ్వాడు. "తలే లేదు కదమ్మా, ఎవరు గుర్తుపడతారు? భుజం చూసి మనిషిని పట్టేస్తారా, ఇదేమైనా వేలిముద్రా?" అన్నాడు. అతనికి అసలు సంగతి చెప్పలేను కదా, నువ్వు వద్దన్నావు. సోమవారం నేనే చెప్పాపెట్టకుండా భుజాలు రెండూ సమానం చేసి, స్లీవు లాక్కోవడం తీసేశాను. బొమ్మ చచ్చిపోయింది. నిజంగా, ఒంట్లోంచి ఏదో పోయినట్టయింది. సాయంత్రానికి బాసు మళ్ళీ పాతదే పెట్టించాడు. పది సెకన్ల పని. ఇంత వేగం ఉంటే తప్పు దిద్దడం ఎంత తేలికో, దిద్దినది చెరపడమూ అంతే తేలిక.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ అద్దం ముందునుంచే నడవాలి. ఇప్పుడు వీధి దాటి అవతలి పక్కన పోతున్నాను. అటునుంచి కూడా కనిపిస్తుంది. నిమిషానికోసారి చెయ్యి కదులుతుంది.

పేరు లేదు, మొహం లేదు. ఎవరికీ తెలియదులే అక్కా. నువ్వు కూడా అలాగే అనుకో.

ఇంకొకటి రాద్దామనుకున్నాను. మళ్ళీ రాస్తాను.

నీ చెల్లి

*

కుట్టుగది,
డిసెంబరు 18

చెల్లీ,

నువ్వేదో దాస్తున్నావు. నేనూ దాచాను. ముందు నేను చెప్తాను.

అరవై ఒకటో పేజీ మా కాజాలమ్మాయిది. రోజూ వచ్చి పోయే మనిషి కాదు. రెండేళ్ళుగా మా పైగదిలోనే ఉంటోంది. పోయినసారి నువ్వు వచ్చినప్పుడు, పైగది నిండా పాత గుడ్డలున్నాయి, కింద పడుకో అన్నాను. ఆ గుడ్డల మధ్య ఆ అమ్మాయే ఉంది. మూడు రోజులు దగ్గు కూడా రానివ్వలేదు. మీ బావకి తప్ప ఎవరికీ తెలియదు. తమ్ముడికి కూడా చెప్పలేదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

మొదటిసారి కోటు కుట్టించుకోవడానికి వచ్చింది. భుజం కొలుస్తూ, ఇలా ఎందుకుందమ్మా అని అడిగాను. "మెట్ల మీద పడ్డాను" అంది. ఎవరు తోస్తే అని అడగలేదు. వేళకి వైద్యం జరగలేదు, ఎముక వంకరగా అతుక్కుంది. మీ బావ ఇస్త్రీ పెట్టె ఉన్న వైపు రాదు. స్లీవు కొలిచేటప్పుడు మణికట్టు మీద మచ్చ చూశాను. ఆ మచ్చ ఆకారం చూశాక ఎందుకు రాదో తెలిసింది. కోటు తయారయ్యాక తీసుకుని వెళ్ళడానికి ఆమెకి చోటే లేదు. అప్పుడు పైకి వెళ్ళమన్నాను.

ఒకసారి మొగుడి మీద ఫిర్యాదు చేసిందట. స్టేషన్లో వాణ్ణే పిలిచి, రాజీ పడండి అని ఆ అమ్మాయి ఉంటున్న చోటు చెప్పేశారట. అప్పటినుంచి కాగితమంటేనే భయం. ఆ భయం తెలిసి కూడా నేను ఆ పుస్తకం పంపాను. ఆ పేజీ అందులో ఉందని ఆ పొద్దున నాకు గుర్తుంది చెల్లీ. పేర్లు లేవు కదా అనుకున్నాను. ఆ అమ్మాయిని ఒక్క మాట అడగలేదు. పెద్దదాన్ని కదా, అన్నీ నేనే అనుకోవడం అలవాటు.

బొమ్మ సంగతి నిన్న చెప్పాను. గుండీ కుడుతోంది. ఆపలేదు.

"తల లేదామ్మా?" అంది.

"లేదు."

"వాడు నా మొహం ఎప్పుడు చూశాడు గనక! చేతులే చూసేవాడు. ఎప్పుడు అడ్డం పెడతానా అని."

దారం కొరికి, "బొమ్మలో కూడా లాక్కుంటున్నానా?" అంది. అవునన్నాను. తన చేతికేసి చూసుకుంది. ఆ పూటంతా స్లీవు ముట్టుకోకుండా ఉండాలని చూసింది. ఒకే గుండీని మూడుసార్లు ఊడదీసి కుట్టింది.

కోపంతో రాయడం లేదు. భయంతో రాస్తున్నాను. నువ్వు దాచింది చెప్పు.

అక్క

*

నా గది,
డిసెంబరు 22

అక్కా,

చెప్తున్నాను. చదివేటప్పుడు కూర్చుని చదువు.

నీ మొదటి హెచ్చరిక నాకు ఏడో తారీఖున అందింది. అయిదున ఒకాయన స్టూడియోకి వచ్చాడు. మంచి బట్టలు, మెత్తటి మాట. కింద అద్దంలో కోటు చూశానండీ, రెండు రోజుల నుంచి చూస్తున్నాను, కళ్ళు తిప్పుకోలేకపోతున్నాను అన్నాడు. "కంప్యూటర్లో గీసిందే అయినా, ఆ భుజం పనితనం కంప్యూటర్ది కాదు. ఎవరో నిజమైన చెయ్యి ఉంది. ఎవరండీ?" అన్నాడు.

అక్కా, నా పనిని మెచ్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నీ పనిని అంత సరిగ్గా పట్టుకున్న మనిషిని అప్పుడే చూశాను. పొంగిపోయాను. "మా అక్కేనండీ!" అన్నాను. మన పుస్తకం పద్ధతి చెప్పాను. అలవాట్లు రాస్తుందని చెప్పాను. ఊరు చెప్పాను. దుకాణం పేరు చెప్పలేదు, అతను అడగలేదు. నేనే వాగాను: కోత బల్ల కిటికీ పక్కన ఉంటుంది, బావ అక్కడే ఇస్త్రీ చేస్తూ కళ్ళజోడు వెతుక్కుంటుంటాడు అని. అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

మా స్టూడియో గుమ్మం దగ్గరి పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళాడు. వచ్చినవాళ్ళు ఎవరి కోసం, ఏం పని మీద వచ్చారో గుమ్మం దగ్గర రాయాలి. "కోటు కుట్టినవారి వివరాల కోసం" అని స్వయంగా రాశాడు.

సాయంత్రం ఇంటికెళ్తుంటే అద్దం ముందు నిలబడి ఉన్నాడు. బొమ్మ స్లీవు లాక్కుంది. అతను నవ్వాడు. మళ్ళీ లాక్కుంది. మళ్ళీ నవ్వాడు. పిల్లి ఆట చూస్తున్నవాడిలా. నేను అడుగు వేగం పెంచాను. ఏమీ లేదులే అనుకున్నాను. రెండు రోజులకి నీ ఉత్తరం వచ్చింది. చదివి బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. నీకు చెప్పడానికి ఇన్ని రోజులు పట్టింది.

పాత రెండరర్ అయితే రాత్రంతా పట్టేదక్కా. ఆ పేజీ తెర మీద పెట్టి ఇంటికెళ్ళి అన్నం తింటుంటే, అయ్యో, అక్కని ఒకసారి అడగాలేమో అనిపించేది. ఖాయంగా అనిపించేది. ఇది ఆలోచన వచ్చేలోపే బొమ్మ ఇచ్చేసింది.

నిన్న అసలు ఫైలే తుడిచేశాను. బాసు మూడు గంటలు అరిచాడు. తెర ఖాళీగా ఉంది. నెట్‌లో ఎంతమంది దాచుకున్నారో తెలియదు.

అతను మీ ఊరు వచ్చాడా? ఆ ఊళ్ళో ఎన్ని కుట్టు దుకాణాలున్నాయి?

నీ చెల్లి

*

కుట్టుగది,
జనవరి 3, శుక్రవారం

చెల్లీ,

వెంటనే జవాబు రాయలేదు. ఏం రాసినా దెబ్బలా తగులుతుందని ఆగాను. ఊళ్ళో పద్దెనిమిది దుకాణాలున్నాయి. ఇన్ని రోజులూ షట్టరు చప్పుడైతే చాలు, ముగ్గురం ఒకేసారి తలెత్తేవాళ్ళం.

నిన్న వచ్చాడు. నువ్వు చెప్పినట్టే, మంచి బట్టలు, మెత్తటి మాట. గుమ్మంలోనే నిలబడి మీ బావ నెత్తి మీది కళ్ళజోడు చూశాడు. చూసి, ఇదే అనుకున్నవాడిలా లోపలికి అడుగుపెట్టాడు.

కోటు కుట్టాలన్నాడు. కుదరదంటే ఎందుకంటాడు. టేపు తీశాను.

పైన కాజాలమ్మాయి తొక్కుడు మిషను మీద లైనింగు కుడుతోంది. అతని గొంతు పైకి వినపడుతుందని నాకు తెలుసు. మిషను ఆగితే ఇతనికి అనుమానం వస్తుంది. ఆగలేదు. అదే వేగం. నేను భుజం కొలుస్తున్నాను, నా తల మీద మిషను నడుస్తోంది.

"పైన ఎవరండీ?" అన్నాడు.

"పనివాళ్ళు," అన్నాను. అబద్ధం కాదు.

"ఆడవాళ్ళా?"

మీ బావ లేచి ఇస్త్రీ బల్లని ఈడ్చుకుంటూ వెళ్ళి మెట్లకి అడ్డంగా పెట్టారు. "ఇక్కడ వెలుతురు బాగుంటుందండీ" అన్నారు. మెట్ల కింద వెలుతురేమిటి? అక్కడ పట్టపగలు కూడా దీపం కావాలి. అయినా ఆ చీకట్లో నిలబడి, ఆ మనిషి ఉన్నంతసేపూ ఒకే చొక్కాని మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేశారు.

ఛాతీ కొలిచాను. అతని గుండె నా వేళ్ళకి తెలిసింది. నెమ్మదిగా కొట్టుకుంటోంది. నాదే పరిగెడుతోంది. మెడ కొలవడానికి టేపు చుట్టూ తిప్పాను. అప్పుడు నా మనసులోకి వచ్చిన మాట దేవుడికే చెప్పుకున్నాను. నీకు రాయను.

"మీరు అలవాట్లు కూడా రాస్తారటగా," అన్నాడు. "నావేం రాస్తారు?"

"మొదటిసారి వచ్చినవాళ్ళకి రాయనండి."

"మళ్ళీ వస్తానుగా. ట్రయల్ ఎప్పుడు?"

వచ్చే శుక్రవారం, పదో తారీఖు అన్నాను. నోటికి వచ్చింది చెప్పాను. వెళ్తూ మెట్లకేసి చూసి, "చేతి పని బాగుంది. తొందరేం లేదు, నిదానంగా తీసుకెళ్తాను," అన్నాడు. కోటు సంగతే మాట్లాడుతున్నట్టు.

అతను మలుపు తిరిగేదాకా చూసి పైకి వెళ్ళాను. ఆ అమ్మాయి ఇంకా తొక్కుతూనే ఉంది. దారం ఎప్పుడో అయిపోయింది. లైనింగు మీద అటునుంచి ఇటు వరసలు వరసలుగా సూది రంధ్రాలే ఉన్నాయి, కుట్టు లేదు. "వెళ్ళిపోయాడమ్మా" అన్నాను. కాళ్ళు ఆగలేదు. వంగి మోకాళ్ళు పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

అక్క

*

నా గది,
జనవరి 5

అక్కా,

మూడుసార్లు చదివాను. ఇంకోసారి చదవలేను.

శుక్రవారం అంటే అయిదు రోజులు. ఏం చేస్తారు? ఆవిణ్ణి ఎక్కడికైనా పంపించెయ్యండి. లేకపోతే ఆ రోజు దుకాణం మూసెయ్యండి. నేను ఏం చెప్పినా నీకు ముందే తెలిసి ఉంటుంది.

నా దగ్గర ఒకటుంది. గుమ్మం దగ్గరి పుస్తకంలో అతని సంతకం, అతని చేతిరాత. ఆ పేజీ జిరాక్సు తీసి బ్యాగులో పెట్టుకున్నాను. అతను ఏమడిగాడో విన్నది నేనొక్కదాన్నే. కాని ఇక్కడి సంగతి ఒక్క ముక్క బయట మాట్లాడబోమని ఉద్యోగంలో చేరినప్పుడు మా అందరిచేతా సంతకాలు తీసుకున్నారు. మాట్లాడితే ఉద్యోగం పోతుంది. ఫైలు తుడిచినందుకు ఇప్పటికే ఒక కాలు బయట ఉంది. ఆ పేజీ తీసినట్టు తెలిస్తే రెండోదీ బయటే. ఇంకెక్కడా తీసుకోరు. పదహారేళ్ళ పని అక్కా, నాకు ఇంకేం రాదు. నువ్వు నేర్పిన కత్తెర కూడా మర్చిపోయాను.

నువ్వు రమ్మంటే వస్తాను. రమ్మనకపోతే బాగుండునని కూడా ఉంది. సిగ్గేస్తోంది గానీ, నీకు ఇంక ఏదీ దాచనని అనుకున్నాను.

నీ చెల్లి

*

కుట్టుగది,
జనవరి 7, మంగళవారం, సాయంత్రం

చెల్లీ,

ఇప్పుడే అందరం లేచాం. మరిచిపోకముందు రాస్తున్నాను. ఈ ఉత్తరం కోసమే తమ్ముడు రేపు అటు వస్తున్నాడు.

షట్టరు దించి, కోత బల్ల చుట్టూ కూర్చున్నాం. మీ బావ, తమ్ముడు, కాజాలమ్మాయి, నేను. తమ్ముడికి మొత్తం చెప్పాను. ముందు నన్ను తిట్టాడు. "రెండేళ్ళు మన ఇంట్లో మనిషిని పెట్టుకుని నాకు చెప్పవా పెద్దక్కా? నేనేమన్నా ఊరికి దండోరా వేసేవాణ్ణా?" అన్నాడు. మీ బావ "వేసేవాడివి" అన్నారు. తర్వాత లేచి, "శుక్రవారం రానీ, వాడి కాళ్ళు విరగ్గొడతాను" అన్నాడు.

కాజాలమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. "విరగ్గొట్టడం నీకంటే వాడికి బాగా వచ్చు తమ్ముడూ. ఆ పోటీ వద్దు," అంది. వాడు కూర్చున్నాడు.

మీ బావ ఆమెని తన పిన్ని ఊరికి పంపిద్దామన్నారు. పొద్దున్నే వ్యాన్లో, బట్టల మూటల మధ్య. నాకూ అదే సబబనిపించింది. ఆమె మాత్రం ఒప్పుకోలేదు. "ఎక్కడికి వెళ్ళినా ఈ భుజం నాతోనే వస్తుంది కదండీ. ఇంక ఎన్ని ఊళ్ళు? ఇక్కడైతే మీరైనా ఉన్నారు," అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా స్లీవు లాక్కుంటూనే ఉంది. ధైర్యం వచ్చి అనలేదు చెల్లీ. పారిపోయే ఓపిక అయిపోయి అంది.

మధ్యాహ్నం మా వకీలమ్మ దగ్గరికి వెళ్ళి వచ్చాను. ఆమె నల్లకోట్లు ఇరవై ఏళ్ళుగా నేనే కుడుతున్నాను. అతను ఈ దరిదాపులకి రాకుండా కోర్టు నుంచి ఆర్డరు తెచ్చుకోవచ్చంది. పాత ఫిర్యాదు కాగితం, తర్వాతెప్పుడో ఎముక డాక్టరుకి చూపించిన చీటీ సరిపోతాయా అన్నాను. "అవి పాత దెబ్బలకి. ఇప్పుడు వెతుక్కుంటూ వచ్చాడని ఎవరు చెప్తారు? చెప్పేవాళ్ళు లేకపోతే వాడు కోటు కుట్టించుకోవడానికి వచ్చిన గిరాకీ, అంతే," అంది. నీ సంగతి చెప్పాను. నువ్వు వస్తే ఆర్డరు వచ్చే అవకాశం బాగా ఉందంది. లేకపోతే సగమే.

అందుకని కాగితం తీసి, "గురువారం పొద్దున్నకల్లా రా" అని రాయడం మొదలుపెట్టాను. కాజాలమ్మాయి చూసి నా చెయ్యి పట్టుకుంది. ఎవర్నీ తాకని మనిషి.

"అలా రాయకండమ్మా," అంది. "నన్ను అడక్కుండా ఒకసారి వాడుకున్నారు. మీరిద్దరూ మంచివాళ్ళే, అయినా అడగలేదు. ఇప్పుడు ఆమెని కూడా అలాగే నా కోసం వాడొద్దు. ఆమె బతుకు ఆమెది."

మీ బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తమ్ముడు నేలకేసి చూశాడు. నేను కలం కింద పెట్టాను. పెద్దదాన్నయ్యాక నాకు ఎవరైనా నేర్పిన మొదటి మాట అదేనేమో.

ఆ కాగితం చింపేశాను. ఇది వేరే కాగితం.

మేం అనుకున్నది ఇది. గురువారం పదింటికి ఆ అమ్మాయీ నేనూ వకీలమ్మ వెంట కోర్టుకి వెళ్తున్నాం. పట్టపగలు, పెద్దరోడ్డు మీదనుంచి, నడిచే. ముసుగేసుకోనంది. దుకాణం మూయం, మీ బావ ఉంటారు. తమ్ముడు మా వెనక పది అడుగుల దూరంలో, నోరు మూసుకుని నడుస్తాడు. నోరు మూసుకోవడం వాడికి వేరే షరతుగా పెట్టాం. ఆర్డరు వచ్చినా రాకపోయినా శుక్రవారం నాడు ఆ అమ్మాయి పైగదిలో ఉండదు, కింద మా అందరి మధ్య కూర్చుంటుంది. ఇవాళ్టి నుంచి మా గదిలో నా పక్కన పడుకుంటుంది. మీ బావకి కోత బల్లే గతి.

ఆమె పేజీ ఆమెని అడగకుండా బయటికి పంపింది నేనేనని నా సంతకంతో రాసిచ్చాను. నీ పేరు ఎక్కడా రాయలేదు. నువ్వు రాయమంటేనే రాస్తాం. నువ్వు రాకపోతే నీ గురించి ఈ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనకూడదని ఆ అమ్మాయి మా ముగ్గురి చేతా ఒట్టు వేయించుకుంది.

ఉన్నమాట చెప్తున్నాను, నాకు భయంగానే ఉంది. ప్రార్థన సగంలో మాటలు మర్చిపోతున్నాను.

మీ ఊరి బస్సు ఇక్కడికి తొమ్మిదింపావుకి వస్తుంది. పదింటిదాకా చూస్తాం. తర్వాత బయల్దేరతాం.

అక్క